ఎన్ని బిందెల నీళ్ళు?

మెక్సికో దేశానికి వాయవ్యాన, పసిఫిక్ మహాసముద్రంలోకి చాచిన బక్క చెయ్యిలాగ ఒక ద్వీపకల్పం ఉంది. పొడవు సుమారు 1200 కిలోమీటర్లు. పేరు బాహా కాలిఫోర్నియా. దానికీ అసలు మెక్సికో నేలకీ నడుమ ఉన్న సన్నని సముద్రాన్ని పటాలు కాలిఫోర్నియా సింధుశాఖ అంటాయి, పడవలవాళ్ళు కోర్తెస్ సముద్రం అంటారు. ద్వీపకల్పపు దక్షిణ కొసకు దగ్గరలో లా పాజ్ అనే ఊరు ఉన్నది. అక్కడ తెరచాప పడవలను వారాల లెక్కన అద్దెకిస్తారు. పడవ మాత్రమే ఇస్తారు. సరంగు ఉండడు, వంటవాడు ఉండడు. పడవ నడపగలిగినట్టు యోగ్యతాపత్రమో అనుభవమో ఉన్నవాడు ఒకడు మనలో ఉండాలి. తిండీ నీళ్ళూ మనమే ఎక్కించుకోవాలి.

వచ్చే ఏప్రిల్ నెలలో ఆరుగురం మిత్రులం ఏడు రాత్రులు అలా వెళ్ళాలని సంకల్పించాము. పడవ నడపడం నాకు రాదు కనుక సరుకుల పట్టిక రాసే పని నా మీద పడింది. పట్టిక రాయడమంటే ముందుగా ఆ తీరంలో ఏవి దొరకవో తెలుసుకోవడం. ఆ పని మీద చదవడం మొదలుపెడితే, ఆ తీరపు అయిదువందల ఏళ్ళ చరిత్ర మొత్తం సరుకుల పట్టికల చరిత్రేనని తోచింది. అక్కడ రాజులు ఓడింది శత్రువులకన్నా ఎక్కువగా ఖాళీ పీపాలకు. ఈ టపా ఆ పట్టికల గురించి.

ముందు నీటి సంగతి. లా పాజ్‌లో ఏడాదికి పడే వాన 200 మిల్లీమీటర్లకు లోపే. మన కరువు సీమ అనంతపురంలో సుమారు 550 మిల్లీమీటర్లు పడుతుంది. అంటే అనంతపురంవారు జాలిపడదగిన చోటు అన్నమాట. ఆ వానైనా ఎక్కువ భాగం వేసవి చివర తుపానులతో ఒక్కపెట్టున వచ్చి పోతుంది. 1976 సెప్టెంబరు 30న లీసా అనే తుపానుకు లా పాజ్ ఎగువనున్న కరకట్ట తెగి వందలమంది కొట్టుకుపోయారు. ఏడాదంతా గుక్కెడు నీటికి ఎదురుచూసే ఊరు నీటిలోనే మునిగింది. ఏడాది పొడవునా పారే ఏరు అని చెప్పుకోదగినవి ఆ ద్వీపకల్పంలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఈ నేలకు మొదట వచ్చిన స్పెయినువారు తిండికోసం రాలేదు, ముత్యాలకోసం వచ్చారు. 1533లో ఫోర్తున్ హిమేనెస్ అనే ఓడ మార్గదర్శి తన కప్తానును చంపి, ఓడను చేజిక్కించుకొని, ఇప్పుడు లా పాజ్ ఉన్న అఖాతంలో దిగాడు. స్థానికుల చేతిలో తానూ చచ్చాడు. బతికి బయటపడిన కొద్దిమంది ముత్యాల కబురు మోసుకుపోయారు. ఆ కబురు విని, మెక్సికోను జయించిన ఎర్నాన్ కోర్తెస్ తానే బయలుదేరాడు. 1535 మే 3న అక్కడ దిగి, ఆ రోజు శిలువ పండుగ కావడంతో ఆ చోటికి శాంతా క్రూజ్ అని పేరు పెట్టాడు.

ఒక మహాసామ్రాజ్యాన్ని కూలదోసిన మనిషి. అతని వెంట సైనికులు, గుర్రాలు, కాపురానికి వచ్చిన ఆడవాళ్ళు. మొదటి విడతను దింపి, మిగిలినవాళ్ళనూ తిండినీ తెమ్మని ఓడలను ఎదురు తీరానికి పంపాడు. గాలివాన వచ్చి ఓడలు చెల్లాచెదురైనాయి. శాంతా క్రూజ్‌లో దిగినవారికి ముత్యాలు ఉన్నాయి, మెతుకు లేదు. ఆ నేలలో జొన్న లేదు, మొక్కజొన్న లేదు, దోచుకుందామంటే ధాన్యం దాచుకున్న ఊరే లేదు. మెక్సికో పీఠభూమిలో కోర్తెస్ సైన్యం ఎక్కడికి పోయినా ఎవరో పండించినది తిన్నది. ఆ విద్య ఇక్కడ పనికిరాలేదు. మనుషులు ఆకలికి చచ్చిపోవడం మొదలైంది. చివరకు కోర్తెస్ స్వయంగా ఓడెక్కి, సముద్రం దాటి, తీరాన ఒరిగిన తన ఓడను వెతికి పట్టుకొని మాంసమూ ధాన్యమూ తెచ్చాడు. ఆ తరువాతి సంగతి బెర్నాల్ దియాజ్ తన చరిత్రలో రాశాడు. నకనకలాడిన కడుపులతో ఉన్న సైనికులు ఆ మాంసం మీద పడి తిన్నారట. ఆకలికి చావనివారిలో చాలామంది ఆ తిండికి చచ్చారట. మిగిలినవారు కోర్తెస్‌నూ అతని దీవినీ కలిపి తిట్టిపోశారట. (దీవి అన్నది వాళ్ళ మాట. అది దీవే అని అప్పటి నమ్మకం.) రెండేళ్ళు తిరగకుండానే ఆ వలస ఎత్తివేశారు.

అక్కడినుంచి దాదాపు నూట అరవై ఏళ్ళు అదే కథ. 1596లో సెబాస్తియన్ విస్కాయీనో వచ్చి ఊరికి లా పాజ్ అని పేరు మార్చి, నిలవలేక వెళ్ళిపోయాడు. లా పాజ్ అంటే శాంతి. పేరు మాత్రం నిలిచింది. 1683లో అడ్మిరల్ అతోందో, పాదరీ కీనో కలిసి వచ్చారు. లా పాజ్‌లో కుదరలేదు, ఉత్తరాన శాన్ బ్రూనోలో దిగారు. 1685లో కరువూ రోగమూ కలిసి వాళ్ళనూ తరిమివేశాయి.

ఈ కీనో దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఇటలీ ఉత్తరాన పుట్టిన జెసూట్ మతాచార్యుడు ఆయన, లెక్కలూ ఖగోళమూ తెలిసినవాడు. కాలిఫోర్నియా దీవా, ద్వీపకల్పమా అన్న ప్రశ్న ఆయన బుర్రను తొలిచింది. 1539లోనే ఫ్రాన్సిస్కో దె ఉయోవా అనే నావికుడు సింధుశాఖ కొసదాకా వెళ్ళి, అది మూసుకుపోయిందని చూసి వచ్చాడు. అయినా పదిహేడో శతాబ్దపు పటాలు దాన్ని మళ్ళీ దీవిగా గీశాయి. కీనోకు ఈ ప్రశ్న పాండిత్యపు ముచ్చట కాదు. నేల కలిసి ఉంటే సొనోరా ప్రాంతంనుంచి పశువులనూ గోధుమలనూ మెట్టదారిన నడిపించుకు రావచ్చు, ఓడల దయ మీద బతకనక్కరలేదు. ద్వీపకల్పపు పసిఫిక్ తీరాన తాను చూసిన నీలిరంగు గుల్లలే ఏళ్ళు గడిచాక ప్రధాన భూభాగంలోని ఆదివాసుల చేతుల్లో కనబడ్డాయి. సముద్రం దాటకుండా ఇవి ఇక్కడికెలా వచ్చాయి అని ఆయన ఆలోచించాడు. దారి ఉందని నిర్ధారించి పటం గీశాడు. ఆ దారిన సరుకులు నడిచిన రోజును మాత్రం ఆయన చూడలేదు. ఆ పటం వెనక ఉన్న గోధుమల బస్తాలను చరిత్ర పుస్తకాలు తరచు మరిచిపోతాయి.

చివరకు నిలదొక్కుకున్నది 1697లో లొరేతోలో దిగిన పాదరీ సాల్వాతియెర్రా. ఆయన విజయరహస్యం ప్రార్థనో పరాక్రమమో కాదని నా అభిప్రాయం. ఆయనకు ఎదురు తీరాన యాకీ నది ఒడ్డున పండే మొక్కజొన్న ఉంది, దాన్ని మోసే పడవ ఉంది, పడవకు డబ్బిచ్చే దాతల నిధి ఉంది. కోర్తెస్‌కు లేనివి ఆ మూడే. లొరేతోలో పెద్ద కాగులతో మొక్కజొన్న జావ కాచి, ప్రార్థనకు వచ్చిన స్థానికులకు పోసేవారు. కొద్ది వారాలకే వారు దాడికి దిగారు. కాగు చుట్టూ కూర్చున్నవారికి బస్తా ఎవరి చేతిలో ఉందో అర్థం కావడానికి ఎంతసేపు పడుతుంది! పడవలు మునిగినప్పుడల్లా మఠాలు పస్తులున్నాయి. విసిగిపోయిన పాదరీ ఉగార్తే 1719లో చెట్లు లేవనుకున్న ఆ నేల మీదనే కొండలోయల్లో చెట్లు వెతికి, కొట్టించి, దూలాలను లాగించి ఒక ఓడనే కట్టించాడు.

ఇంతవరకూ బయటినుంచి వచ్చినవారి పట్టికలు. అక్కడే ఉన్నవారి పట్టిక ఒకటి ఉంది. దాన్ని మనకు మిగిల్చినది బేగర్ట్ అనే మరొక జెసూట్. అల్సాస్ ప్రాంతంవాడు. 1751నుంచి పదిహేడేళ్ళు శాన్ లూయిస్ గొంజాగా మఠంలో ఉండి, స్పెయిన్ రాజు జెసూట్లను వెళ్ళగొట్టాక స్వదేశం చేరి, జర్మన్ భాషలో ఒక పుస్తకం రాశాడు. ఆ పుస్తకం నిండా కసురు. ఆ నేలను తిడతాడు, ఎండను తిడతాడు, మనుషులను మరీ తిడతాడు. అయితే తిట్టడానికైనా ఆయన దగ్గరనుంచి చూశాడు. ఒక కుటుంబానికి ఉన్న ఆస్తి ఏమిటో వరసగా రాశాడు. విల్లు, బాణాలు. కత్తికి బదులు చెకుముకి రాయి. దుంపలు తవ్వే ఎముకో మొన తేల్చిన కర్రో. గంపకూ ఉయ్యాలకూ పనికివచ్చే తాబేటి చిప్ప ఒకటి. నీళ్ళు మోయడానికి జంతువు పేగో తిత్తో. కలబంద జాతి నారతో అల్లిన వలసంచీ. అంతే.

నా పట్టిక ఇప్పటికి మూడు పేజీలు నిండింది. ఇది చదివాక దాన్ని మడిచి పక్కన పెట్టాను, ఆ పూటకు.

ఆ సంచీలో పడేవి ఏవి? దుంపలు, గింజలు, బల్లులు, గుల్లచేపలు, తాబేళ్ళు, చేపలు. వేసవిలో పిటాయా అనే జెముడు పండు. మన బ్రహ్మజెముడు పండుకు దాయాది. అది పండే కొద్ది వారాలూ వారికి పండుగ. ఆ పండులోని సన్నగింజలను మలంనుంచి ఏరి, కడిగి, వేయించి, పొడికొట్టి తినేవారని బేగర్ట్ రాశాడు. స్పెయినువారు దీనికి ‘రెండో పంట’ అని వెక్కిరింతగా పేరు పెట్టారు. చదువరులలో కొందరు ముఖం చిట్లించి ఉంటారు. నాకు మాత్రం ఈ సంగతిలో జుగుప్సకన్నా లెక్క ఎక్కువ కనబడింది. ఒక గింజను రెండుసార్లు లెక్కపెట్టుకోవలసిన నేల మీద వేల ఏళ్ళు బతికిన మనుషుల లెక్క అది. కోర్తెస్ సైన్యం ఆకలికి చచ్చిన అఖాతంలోనే వారు బిడ్డలను కని పెంచారు. ఇంత తిట్టిన బేగర్టే చివరకు ఐరోపాలోని వారికన్నా వీరు సుఖంగా ఉన్నారనీ, కటిక నేల మీద హాయిగా నిద్రపోతారనీ ఒప్పుకున్నాడు.

ఆ నిద్ర ఎంతో కాలం సాగలేదు. జావ తెచ్చిన పడవలే మశూచినీ తట్టునూ తెచ్చాయి. 1697లో ద్వీపకల్పంలో సుమారు 40 వేలమంది ఉండేవారని ఒక అంచనా. 1768లో జెసూట్లు వెళ్ళిపోయేనాటికి మిగిలింది 7 వేల చిల్లర. లా పాజ్ చుట్టుపక్కలా దక్షిణ దీవులలోనూ తిరిగిన పెరికూ జాతివారి భాష 18వ శతాబ్దం దాటలేదు. కొద్దిపాటి మాటలు, కొన్ని ఊళ్ళ పేర్లు, అంతే మిగిలాయి. ఏ పట్టికా అక్కరలేనివారు పోయారు. పట్టిక లేనిదే ఒక్క రోజు గడవనివారు మిగిలారు.

వారు ఊరికే పోలేదు కూడా. కొసన ఉన్న శాన్ హోసే దెల్ కాబోలో మంచినీటి మడుగు ఒకటి ఉంది. ఫిలిప్పీన్సులోని మనీలానుంచి సరుకుతో అకపుల్కో రేవుకు పోయే స్పెయిన్ ఓడలు అయిదారు నెలలు నేల ముఖం చూడకుండా వచ్చేవి. పండూ కాయా లేక నావికుల చిగుళ్ళు చీకిపోయేవి. 1734 జనవరిలో అటువంటి ఓడ ఒకటి శాన్ హోసేలో ఆగితే, అక్కడి పాదరీ తమరాల్ నీళ్ళూ పండ్లూ మాంసమూ ఇచ్చి రోగులను నిలబెట్టాడు. ఆ శరత్తులోనే మఠాల మీద పెరికూలు తిరగబడ్డారు, తమరాల్ హతుడైనాడు. సంగతి తెలియని మరుసటి ఏటి ఓడ అదే ఆతిథ్యం ఆశించి 13 మందిని పడవలో ఒడ్డుకు పంపింది. వారిలో ఎవరూ తిరిగి రాలేదు.

ఈ మనీలా ఓడలే ఆసియానుంచి చింతపండునూ మామిడినీ మెక్సికోకు తెచ్చాయని చెబుతారు. ఫిలిప్పీన్ నావికులు కొలీమా తీరాన కొబ్బరిచెట్లెక్కి కల్లు గీయడం నేర్పారు. అక్కడ దాని పేరు ఈనాటికీ ‘తూబా’. ఇటునుంచి మిరప పోర్చుగీసువారి చేతిమీదుగా మన దేశం చేరింది. కనుక మా పట్టికలో చింతపండు కొట్టివేశాను. లా పాజ్ బజారులో ‘తమరిందో’ అని అడిగితే కాయలే ఇస్తారు. ఆవకాయ సీసా మాత్రం ఉంచాను. అందులోని కారం పుట్టింటికి పోతున్నది, మనం అడ్డుపడకూడదు.

ఈ సముద్రం మీద సరుకుల పట్టికను సాహిత్యంలోకి ఎక్కించినవాడు జాన్ స్టయిన్‌బెక్. 1940 మార్చి 11న ఆయనా, ఆయన మిత్రుడు, సముద్రజీవుల శాస్త్రజ్ఞుడు ఎడ్ రికెట్సూ మాంటెరే రేవునుంచి బయలుదేరారు. వెస్టర్న్ ఫ్లయర్ అనే 76 అడుగుల చేపల పడవను సరంగుతో సహా ఆరు వారాలకు అద్దెకు తీసుకున్నారు. తెరచాపల పడవ కాదు, మోటారుది. కానీ ఏర్పాటు మనలాంటిదే. ఒప్పందం, సరుకులు, మందుల పెట్టె, అనుమతి కాగితాలు. ఏప్రిల్ 20న తిరిగివచ్చారు. 1941 డిసెంబరులో అచ్చయిన వారి పుస్తకంలో ఈ ఏర్పాట్లకు చాలా పుటలు దక్కాయి. అవసరం లేనప్పుడే పనిచేసే చిన్న పడవ మోటారు మీద ఆయన వేసిన విసుర్లు నన్ను ఒంటరిగా నవ్వించాయి. గుయామస్ దగ్గర జపాన్ రొయ్యల పడవలు రొయ్యలను ఏరుకొని, మిగిలిన చేపలను టన్నులకొద్దీ చచ్చినవి చచ్చినట్టుగా సముద్రంలో పారబోయడం చూసి ఆయన బాధపడ్డాడు. రెండో పంట ఎరిగిన నీళ్ళ మీద ఆ దృశ్యం.

అయితే ఆ పుస్తకం చదివినవారికి పడవలో స్టయిన్‌బెక్ భార్య కేరొల్ కూడా ఉన్నదని తెలియదు. వంట ఆమె చూసుకుంటుందన్నది మొదటి ఆలోచన. తరువాత గరిటె ఎక్కువగా స్పార్కీ ఏనియా అనే నావికుడి చేతికి వెళ్ళింది. ఆమె పేరు కథనంలో ఎక్కడా లేదు. ఆ ప్రయాణం ముగిసిన కొద్దికాలానికే వారి దాంపత్యం చెదిరింది, 1943లో విడాకులు అయ్యాయి. మోటారుకు అన్ని పుటలిచ్చిన మహారచయిత భార్యకు ఒక్క వాక్యం ఇవ్వలేదు. గొప్ప పుస్తకమే. ఆ లోటు మాత్రం నాకు కంట్లో నలుసులాగ ఉండిపోయింది.

ఇక మా పట్టిక. చలికాలంలో ఉత్తరంనుంచి ‘నోర్తే’ గాలి రోజులతరబడి వీస్తుంది, వేసవిలో ఎండ, ఆపైన నవంబరు దాకా తుపానుల భయం. అందుకని ఏప్రిల్. వసంతం ముదిరితే లా పాజ్‌లో రాత్రిళ్ళు నైరుతినుంచి ‘కోరొమ్వెల్’ అనే గాలి లేస్తుంది. (క్రామ్‌వెల్ అనే సముద్రదొంగ పేరు అలా అరిగిందని స్థానిక గాథ.) ఎస్పిరితు శాంతో దీవి లంగరు చోట్లు చాలావరకు పడమటికి నోరు తెరిచి ఉంటాయి కనుక, పగలు అద్దంలా ఉన్న ఖాతం అర్ధరాత్రి ఉయ్యాల కావచ్చు. మా సరంగు మిత్రుడు దక్షిణపు కొమ్ము చాటు ఉన్న చోట్లను ముందే గుర్తుపెట్టుకున్నాడు.

నీళ్ళు మనిషికి రోజుకు 4 లీటర్లు, తాగడానికీ వంటకూ. ఆరుగురికి ఏడు రోజులకు 168. అక్కడ ‘గర్రఫోన్’ అనే 20 లీటర్ల సీసాలు అమ్ముతారు, తొమ్మిది చాలు. పడవ తొట్టెలలోని నీరు కడుగుళ్ళకు. దీవిలో కండెలేరో అనే ఖాతంలో పాత బావి ఒకటి ఉందని చదివాను. దాని మీద ఆశ పెట్టుకోకూడదు. దీవిలో అంగడి లేదు. ఉత్తరాన శాన్ ఎవరిస్తో అనే బెస్తపల్లెదాకా పోతేనే కొట్టు ముఖం కనబడుతుంది.

బియ్యం, పప్పు, ఉల్లి, క్యాబేజీ, నిమ్మకాయలు, గుడ్లు, గోధుమ తోర్తియాలు. ఇవన్నీ లా పాజ్‌లోనే కొనవచ్చు. ముందుగా మెత్తబడేవి మొదటి మూడు రోజులకు, క్యాబేజీ చివరి రోజులకు. అట్టపెట్టెలను రేవులోనే వదిలి సరుకులను సంచుల్లోకి మార్చాలి, అట్టల మడతల్లో బొద్దింకల గుడ్లు పడవెక్కుతాయి. వంటగ్యాసు ఉందో లేదో పడవ తీసుకునేటప్పుడే వెలిగించి చూడాలి. చెత్త ప్రతి తునకా వెనక్కి తేవాలి. ఎస్పిరితు శాంతో చుట్టూ ఉన్న సముద్రం 2007నుంచి జాతీయ పార్కు. ఆ సింధుశాఖ దీవులను 2005లోనే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దిగడానికి మనిషికింత రుసుము కట్టి అనుమతి తీసుకోవాలి, గాలం వేయాలంటే దానికి వేరే అనుమతి.

ఆ దీవిలోనే కొవాచా బాబిసూరి అనే రాతిగుహ ఉంది. పురాతత్త్వవేత్తలు తవ్వితే మనుషులు తిని పారవేసిన గుల్లలు, రాతి పనిముట్లు పొరలు పొరలుగా బయటపడ్డాయి. అడుగు పొరల వయసు పదివేల ఏళ్ళ పైమాటే. పదివేల ఏళ్ళు ఆ గుహలో పొయ్యి రాజుకున్నది, ఎదురు తీరంనుంచి ఒక్క బస్తా రాకుండా. మేము లంగరు వేయబోయే ఖాతాల ఒడ్డునా అటువంటి గుల్లలకుప్పలు ఉన్నాయట. అవి గుల్లలు కావు, వంటింటి గుర్తులు కనుక ఒక్కటి కూడా తీయకూడదని పార్కువారి నియమం. పట్టిక చివర, నీళ్ళ లెక్క కింద, అది కూడా రాసి పెట్టాను.